వరానికో హద్దు



నా చిన్నతనంలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. మా బాబాయి వాళ్లింట్లో ఉండేది. ఈసీ టీవీ, నలుపు తెలుపు. చెక్కపెట్టె, దానికి పక్కలకి జరిపే తలుపులు, పైన పిన్ని అల్లిన లేసు గుడ్డ. కృష్ణా జిల్లాలో కాలవ పక్కన ఊరు మాది. డాబా మీద పొడుగాటి ఇనప గొట్టానికి యాంటెన్నా కట్టారు. కాకి వాలితే బొమ్మ పోయేది, గాలి తిరిగితే బొమ్మ పోయేది. పిల్లలందరిలోకీ బక్కపల్చగా ఉండేదాన్ని కాబట్టి డాబా ఎక్కి ఆ గొట్టం తిప్పే ఉద్యోగం నాకిచ్చారు.

"వచ్చిందా బాబాయ్?"

"రాలేదే అమ్మడూ, ఇంకొంచెం తిప్పు. ఆ... ఆ... దాటిపోయింది, వెనక్కి తిప్పు!"

1980లలో ఆదివారం పొద్దున్న ఆ తలుపులు జరిపితే స్టార్ ట్రెక్ వచ్చేది. చుక్కల మధ్య ఒక ఓడ, అందులో చెవులు కొసదేరిన ఒక మనిషి, మాకెవరికీ అంతుపట్టని ఇంగ్లీషు. మా బాబాయి హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఇంగ్లీషు ఆయనకీ అంతంతమాత్రమే. అయినా కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని, హరికథ చెప్పినట్టు మాకు కథ చెప్పేవాడు. చెవుల మనిషి పేరు స్పాక్. తల్లి మానవ స్త్రీ, తండ్రి వేరే లోకంవాడు. "ఏముందిరా ఇందులో, ఘటోత్కచుడే కదా! అక్కడ తల్లిది వేరే జాతి, ఇక్కడ తండ్రిది" అని తేల్చేశాడు. మాకు అది చాలింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా, నలభై ఏళ్లుగా, ఆ పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్లన్నా, సూపర్ హీరో సీరియళ్లన్నా నాకు పిచ్చి. దూరదర్శన్‌లో చూసినవి కొన్ని. తరవాత కేబుల్లో, డిస్కుల్లో, ఇప్పుడు ఫోన్లో వెతుక్కుని చూసినవి చాలా. మా పిల్లలు నవ్వుతారు. "అట్టముక్కల రాళ్లు, రబ్బరు రాక్షసులు, ఎలా చూస్తావమ్మా?" అంటారు. ఎందుకు చూస్తానో ఈ పూట మీకు చెబుదామని వచ్చాను.

జవాబు మళ్లీ మా బాబాయి దగ్గరే ఉంది. ఒకసారి మా తమ్ముడు ఆయన్ని అడిగాడు, హనుమంతుడు గొప్పా, ఈ ఓడ కెప్టెన్ గొప్పా అని. బాబాయి కాసేపు మీసం దువ్వుకుని, "హనుమంతుడికి ఎంత బలముందీ అన్నది లెక్కరా, కథ కాదు. ఆ బలం ఆయనకే గుర్తుండదు, సముద్రం ఒడ్డున ఇంకొకరు గుర్తుచెయ్యాలి. అదీ కథ" అన్నాడు.

వరం ఒక్కటే ఉంటే కథ నడవదు. వరం పక్కన హద్దుండాలి. కర్ణుడికి నేర్చిన విద్య అవసరానికి గుర్తురాదు. శిఖండి ఎదురైతే భీష్ముడు విల్లు దించాలి. ఉగ్గుపాలతోనే మనకి తెలిసిన సంగతి ఇది. ఆ పాత సీరియళ్లలో నాకు నచ్చింది ఆ హద్దులే. అయితే వాటిలో చాలావాటిని ఏ మహర్షీ శపించి పెట్టలేదు. నిర్మాత జేబు చూసి పెట్టారు.

స్టార్ ట్రెక్ సంగతే తీసుకోండి. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 1966 సెప్టెంబరు 8న మొదలైంది. మూడేళ్లు నడిచింది, మొత్తం 79 భాగాలు. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. తీయడం మొదలుపెట్టింది డెసిలూ స్టూడియో. అప్పట్లో దాని యజమానురాలు హాస్యనటి లూసిల్ బాల్. కథ ప్రకారం ఓడ వారానికో లోకానికి వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా అంత పెద్ద ఓడ నేల మీద దిగినట్టు చూపించాలంటే అప్పటి టీవీ డబ్బులు ఎందుకూ చాలవు. ఏం చేశారు? ఓడని పైనే ఉంచేశారు. మనుషులు ఒక వేదిక మీద నిలబడతారు, మెరుపు రజనులా కరిగిపోతారు, కింద నేల మీద మళ్లీ మనుషులవుతారు. ఆ యంత్రం పేరు ట్రాన్స్‌పోర్టర్. అల్యూమినియం పొడిని వెలుతుర్లో రాలుస్తూ కెమెరాతో పట్టుకున్న మెరుపు అది. ఖర్చు తక్కువ, అందం ఎక్కువ.

అంతటితో అయిపోలేదు. కష్టం వస్తే చటుక్కున మాయమైపోయే వీలుంటే ఇక కథేముంటుంది? అందుకని ఆ యంత్రం మొరాయించడం మొదలుపెట్టింది. ఒక భాగంలో అది చెడిపోయి కెప్టెన్ కర్క్‌ను రెండుగా చీల్చి పంపిస్తుంది. ఒకడు మెతక, దయ గలవాడు. రెండోవాడు మొరటు, కోరికల పుట్ట. చూసేవాళ్లం మొరటువాణ్ణి పట్టుకుని కట్టేస్తే సరి అనుకుంటాం. తీరా చూస్తే మంచివాడికి ఆజ్ఞ ఇచ్చే సత్తువ అంతకంతకూ కరిగిపోతుంటుంది. ఆ పశువు లేకుండా ఈ మనిషి నాయకుడు కాలేడు. ఓడని దింపడానికి డబ్బుల్లేక పుట్టిన యంత్రం ఎంత లోతైన కథని కనిందో చూడండి.

అదే భాగానికి ఇంకో ముచ్చట ఉంది. స్పాక్ ఒకణ్ణి తుపాకీ మడమతో మోది పడగొట్టాలని రాశారు. స్పాక్ వేషం వేసిన లెనర్డ్ నిమోయ్‌కి అది రుచించలేదు. ఇంత తర్కం తెలిసినవాడు తలకాయలు పగలగొట్టడమేమిటన్నాడు. మెడ పక్కన నరం దగ్గర వేళ్లతో నొక్కితే ఎదుటివాడు సొమ్మసిల్లిపోవడం ఆయన ఆలోచనే. మా వీధి పిల్లలందరం నెలల తరబడి ఒకరి మెడలొకరం నొక్కుకున్నాం. ఎవరూ సొమ్మసిల్లలేదు గానీ, పిన్ని చేత వీపులు మాత్రం మోగాయి.

ఓడలో తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకునేవి. మాకది పెద్ద వింత. గోడ వెనక నిలబడి ఆ తలుపుల్ని లాగింది మనుషులేనని చాలా ఏళ్లకి తెలిసింది. లాగేవాడు ఒక క్షణం ఆలస్యం చేస్తే నటుడి ముక్కు పచ్చడి. డాక్టర్ మెకాయ్ చేతిలో మెరిసే వైద్య పరికరాలు నిజానికి ఉప్పు డబ్బాలు. ఒక భాగంలో ఉప్పు తినే ప్రాణి ఉంది. దానికోసం కొత్త రకం ఉప్పు డబ్బాలు కొనుక్కొచ్చారు. అవి మరీ వింతగా ఉండి, చూసేవాళ్లకి ఉప్పు డబ్బాలని తట్టదేమోనని పక్కన పెట్టి, తరవాత డాక్టరు గారి చేతికిచ్చారు. సురభి నాటకాలు చూసిన కళ్లకి ఇవేవీ లోపాలుగా కనపడవు. తీగల మీద వేలాడుతూ పైకి లేచే ఘటోత్కచుణ్ణి చూసి, తీగ కనపడుతున్నా చప్పట్లు కొట్టిన జాతి మనది.

మా టీవీకీ ఒక హద్దుంది కదా, రంగు లేకపోవడం. స్టార్ ట్రెక్‌ని రంగుల కోసమే తీశారు. చొక్కాలు పసుపు, నీలం, ఎరుపు. కొత్త లోకంలో కాలుపెట్టగానే ఎర్రచొక్కా వేసుకున్న ఊరూపేరూ లేని నావికుడు చచ్చిపోతాడని అభిమానులందరికీ తెలుసు, మాకు తప్ప. మాకు అన్ని చొక్కాలూ బూడిద రంగే. ఎవడు పోతాడో, ఎవడు మిగులుతాడో చివరిదాకా తెలియదు. రంగుల టీవీ వాళ్లకి లేని ఉత్కంఠ మాకు ఉచితంగా దొరికింది.

కరెంటు సంగతి ఇంకో కథ. ఒక ఆదివారం, గనిలో ఒక రాక్షసి కూలీల్ని చంపుతోంది. చూడ్డానికి రాతి గొంగళి నేల మీద పాకుతున్నట్టుంటుంది. కర్క్, స్పాక్ తుపాకులు పట్టుకుని సొరంగంలోకి దిగారు. అది ఎదురొచ్చింది. అంతే, కరెంటు పోయింది. పిల్లలం గగ్గోలు పెట్టాం. బాబాయి మమ్మల్ని కూర్చోబెట్టి, నరకాసుర వధ ఫక్కీలో మిగతా కథ చెప్పేశాడు. రాక్షసి చచ్చింది, గని బాగుపడింది, అందరూ ఇళ్లకెళ్లండి అన్నాడు.

ఇరవై ఏళ్ల తరవాత హైదరాబాదులో డిస్కు పెట్టుకుని ఆ భాగం మొత్తం చూశాను. 1967లో వచ్చిన భాగం అది. కర్క్ దాన్ని చంపడు. స్పాక్ చేతులు దాని రాతి ఒంటి మీద ఆనించి దాని మనసులోకి వెళతాడు, అది పడే బాధ తను పడతాడు. తేలిందేమిటంటే, అది తల్లి. గనిలో దొరికిన గుండ్రటి రాళ్లని కూలీలు ఉత్తరాళ్లనుకుని పగలగొడుతున్నారు. అవి దాని గుడ్లు. చివరికి ఒప్పందం కుదురుతుంది. పిల్లలు పుట్టి సొరంగాలు తవ్వుకుంటాయి, మనుషులు ఖనిజం ఏరుకుంటారు. ఆ తరవాత ఎవరూ చావరు. నేను వెంటనే బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "అయితే ఇన్నేళ్లూ దాన్ని చంపింది నేనేనన్నమాట" అన్నాడు.

కర్క్ చేతిలో ఆయుధం ఉంది. దాంతో చంపకపోవడం ఆయన పెట్టుకున్న హద్దు. జేబు పెట్టే హద్దు వేరు, మనిషి తనకి తాను పెట్టుకునే హద్దు వేరు. స్టార్ ట్రెక్‌లో ఆ రెండో రకం ఒక చట్టంగానే ఉంది. ఇంకా ఎదగని లోకాల జీవితంలో వేలు పెట్టకూడదన్నది ఆ ఓడవాళ్లకి మొదటి నియమం. ప్రతి మూడో వారం దాన్ని మీరేవాడు కర్క్. అది వేరే సంగతి.

అభిమానినని చెప్పి ఆ సీరియల్ తప్పుల్ని దాచను. ఆడపిల్లగా నాకు అవి ముందే కనపడ్డాయి. మొదట తీసిన పైలట్ భాగంలో ఓడకి రెండో అధికారి ఒక స్త్రీ. ఆ పైలట్‌ని ఛానల్ తిప్పి పంపింది. మళ్లీ తీసినదాంట్లో ఆ పాత్ర లేదు. 1969 జూన్ 3న వచ్చిన చివరి భాగంలో, ఓడ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్లకి చోటు లేదన్న మాట ఒక స్త్రీ పాత్ర నోటనే వినిపిస్తుంది. అంతరిక్షమంతా తిరిగినవాళ్లు ఆ గీత మాత్రం దాటలేకపోయారు. ఇది కథకి బలాన్నిచ్చే హద్దు కాదు, కాలం కట్టిన గంతలు.

అదే ఓడలో నిషెల్ నికోల్స్ ఉంది. నల్లజాతి నటి. ఉహూరా అనే అధికారి వేషం. స్వాహిలీలో స్వేచ్ఛ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది ఆ పేరు. మొదటి ఏడాది తరవాత మానేద్దామనుకున్నానని, మార్టిన్ లూథర్ కింగ్ ఒక సభలో కలిసి మానొద్దని నచ్చజెప్పారని ఆవిడే తరవాత ఎన్నోసార్లు చెప్పుకుంది. 1977లో నాసా కోసం ఊరూరా తిరిగి, స్త్రీలనీ నల్లజాతివాళ్లనీ వ్యోమగాములుగా దరఖాస్తు పెట్టమని పిలుపిచ్చింది. 1978లో నాసా ఎంచుకున్న జట్టులో శాలీ రైడ్ ఉంది, గయాన్ బ్లూఫోర్డ్ ఉన్నాడు. ఆమె అంతరిక్షానికి వెళ్లిన మొదటి అమెరికన్ స్త్రీ. అతను అంతరిక్షానికి వెళ్లిన మొదటి నల్లజాతి అమెరికన్.

ఇక సూపర్ హీరోల దగ్గరికొద్దాం. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియోకి దక్కాల్సిన మర్యాద ముందు దక్కాలి. సూపర్‌మ్యాన్ 1938లో బొమ్మల పుస్తకంలో పుట్టాడు. అతన్ని నేలకూల్చే పచ్చరాయి, క్రిప్టొనైట్, రేడియోలో పుట్టింది. 1943లో, సూపర్‌మ్యాన్ రేడియో నాటకంలో. బొమ్మల పుస్తకంలోకి అది 1949లో గానీ రాలేదు. బలం పుస్తకం ఇచ్చింది, హద్దు రేడియో ఇచ్చింది. చెవితో వినేవాళ్లకి కొండ ఎత్తాడంటే సరిపోదని, గొంతు వణకాలని ఆ నాటకం రాసినవాళ్లకి తెలుసు.

1952లో అదే కథ టీవీకొచ్చింది. జార్జ్ రీవ్స్ సూపర్‌మ్యాన్. మొదటి రెండు సీజన్లూ నలుపు తెలుపే. ఎరుపు నీలం దుస్తులు తెర మీద రెండూ ఒకేలా కనపడతాయని ఆయనకి బూడిద రంగు, గోధుమ రంగు దుస్తులు కుట్టించారు. లోకమంతా ఎరుపు నీలాల్లో ఊహించుకున్న వీరుడు స్టూడియోలో మట్టి రంగులో తిరిగాడన్నమాట! మొదట్లో తీగలతో ఎగరేశారు. ఒకసారి తీగ వదిలి కింద పడ్డాక ఆయన తీగలొద్దన్నాడు. ఆ తరవాత స్ప్రింగు పలక మీద నుంచి కిటికీలోంచి దూకేవాడు. దొంగలు తుపాకీ గుళ్లన్నీ అయిపోయేదాకా కాలిస్తే గుండె విరుచుకుని నిలబడేవాడు. అవి అయిపోయాక ఖాళీ తుపాకీ విసిరితే మాత్రం తల వంచుకునేవాడు. నవ్వొస్తుంది గానీ, ఎన్ని గుళ్లు తగిలినా చెక్కుచెదరని వీరుడిలో ఒక్క క్షణం మామూలు మనిషి తొంగిచూశాడని నాకు ముచ్చట.

1966లో బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. ఆడమ్ వెస్ట్. వారానికి రెండు రోజులు, మొదటి రోజు వీరుణ్ణి చావు అంచున వదిలేసి రెండో రోజు రక్షించడం. గోడ ఎక్కే దృశ్యం చూస్తే, నేల మీద గోడ బొమ్మ పరిచి, కెమెరాని పక్కకి తిప్పి, నటులు వంగి నడుస్తూంటే తీశారని తెలిసిపోతుంటుంది. జోకర్ వేషం వేసిన సీజర్ రొమేరో మీసం తియ్యనన్నాడు. మీసం మీదే తెల్లరంగు పూశారు. ఇదంతా వేళాకోళం. నటుల మొహాల్లో మాత్రం ఆవగింజంత నవ్వు కనపడదు.

ఆరు మిలియన్ డాలర్ల మనిషి అని ఇంకొకడు, 1974లో మొదలయ్యాడు. ప్రమాదంలో పోయిన కాళ్లూ, చెయ్యీ, కన్నూ యంత్రాలతో మళ్లీ పెట్టారు. కారుతో సమానంగా పరిగెడతాడు. ఆ వేగాన్ని ఎలా చూపించారంటే, నెమ్మదిగా! ఫిల్మును తొందరగా తిప్పితే చార్లీ చాప్లిన్‌లా నవ్వొస్తుంది. నెమ్మదిగా తిప్పి, వెనక టకటకమనే ఒక ధ్వని పెడితే, చూసేవాడే ఆ వేగాన్ని తన లోపల కల్పించుకుంటాడు. వండర్ వుమన్ లిండా కార్టర్ గిరగిరా తిరిగి వేషం మార్చుకునేది. ఆ తిరగడం ఆవిడ సూచనే. తన దీవి దాటి బయటికొస్తే ఆ బలమంతా ఆమె నడుం పట్టీలో ఉంటుంది. పట్టీ పోతే బలం పోయినట్టే. కవచకుండలాల కథ మనకి కొత్త కాదు కదా.

వీళ్లందరిలో నన్ను బాగా కలతపెట్టినవాడు హల్క్. 1977 నుంచి 1982 దాకా వచ్చింది. బిల్ బిక్స్‌బీ డాక్టర్ బ్యానర్, లూ ఫెరిగ్నో ఆకుపచ్చ హల్క్. దర్శక నిర్మాత కెన్నెత్ జాన్సన్ దాన్ని విక్టర్ హ్యూగో నవల లే మిజరాబ్ల్ నీడలో అల్లుకున్నాడు. తప్పించుకు తిరిగే మనిషి, వదలకుండా వెంటాడే పత్రికా విలేకరి. బ్యానర్‌కి ఉన్నది వరం కాదు, రోగం. కోపం వస్తే ఒళ్లు పెరుగుతుంది, చొక్కా చిరుగుతుంది, తెలివి పోతుంది. తరవాత ఏం చేశాడో అతనికే గుర్తుండదు. ఎక్కడ మంచి చేసినా అక్కడ ఉండలేడు. ప్రతి భాగం చివరా ఒంటరి పియానో మోగుతూంటే, భుజాన సంచీ వేసుకుని రోడ్డు పక్కన నడుస్తూ పోతాడు. ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి ఏ ఊరివాడూ కాడని ఆ పియానో చెప్పినంతగా నాకు ఏ మాటా చెప్పలేదు.

ఇంగ్లండుకి వెళదాం. 1963 నవంబరు 23న బీబీసీలో డాక్టర్ హూ మొదలైంది. అంతకు ముందు రోజే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు. లోకమంతా ఆ దుఃఖంలో ఉండటంతో వారం తరవాత మొదటి భాగాన్ని మళ్లీ వేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అప్పటికి ఇంకా ముప్పై నిండని అమ్మాయి. మొదటి కథకి దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అందులో కథానాయకుడైన డాక్టరుకి కాలంలో తిరిగే నౌక ఉంది. ఎక్కడ దిగితే అక్కడి రూపు ధరించాలి అది. వారం వారం కొత్త రూపు కట్టించాలంటే డబ్బేది? అందుకని ఆ రూపు మార్చే యంత్రం చెడిపోయి, నౌక లండన్ వీధుల్లోని పోలీసు డబ్బా రూపంలోనే ఇరుక్కుపోయిందన్నారు. అరవై ఏళ్లు దాటినా అది ఆ నీలం డబ్బాలాగే ఉంది.

దాని హద్దుల్లో అన్నిటికన్నా పెద్దది ఒక నటుడి ఆరోగ్యం. మొదటి డాక్టర్ విలియమ్ హార్ట్‌నెల్‌కి ఒంట్లో బాగుండక 1966లో తప్పుకోవాల్సి వచ్చింది. వేరే ఎవరైనా అయితే సీరియల్ ఆపేవాళ్లు. వీళ్లు డాక్టర్ శరీరమే మారుతుందన్నారు. ముసలాయన నేల మీద పడి, వెలుగులో కరిగి, ఇంకొకడై లేచాడు. మొహం వేరు, నడక వేరు, జ్ఞాపకాలు అవే. పరకాయ ప్రవేశం కథలు విన్నవాళ్లం మనం ఆశ్చర్యపోం గానీ, ఒకరి జబ్బులోంచి ఒక సీరియల్‌కి చిరాయువు పుట్టడం మాత్రం ఆశ్చర్యమే.

ఆ సీరియల్ శబ్దాలు పుట్టింది బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాపులో. మొదట రేడియో నాటకాల కోసం 1958లో పెట్టిన చోటు అది. రాన్ గ్రెయినర్ రాసిన బాణీని డీలియా డార్బీషర్ అనే ఆవిడ టేపు ముక్కలు కోసి, అతికించి, ఒక్కో స్వరం ఒక్కోటిగా కట్టింది. కాలనౌక బయల్దేరే రొద ఉంది చూశారూ, బ్రయాన్ హాడ్జ్‌సన్ పాత పియానో తీగ మీద వాళ్లమ్మ ఇంటి తాళంచెవి గీకి తెచ్చాడు దాన్ని.

తరవాతి కాలంలో, 1960లవీ 70లవీ పాత టేపుల్ని బీబీసీ చాలా చెరిపేసింది. డాక్టర్ హూ భాగాలూ పోయాయి. కొన్ని మళ్లీ దొరికాయి; 2013లో నైజీరియాలో దొరికినవి తొమ్మిది. చాలావాటి బొమ్మ మాత్రం ఇప్పటికీ లేదు. అయినా పోయిన ప్రతి భాగానికీ శబ్దం ఉంది. ఎలా ఉందంటే, అప్పట్లో పిల్లలు, కుర్రాళ్లు టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి, ఇంట్లోవాళ్లని దగ్గొద్దని బతిమాలి, రికార్డు చేసుకున్నారు. బీబీసీ పారేసినదాన్ని అభిమానులు చెవితో దాచారు.

మన దగ్గరికొస్తే, 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో శక్తిమాన్ వచ్చాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. అయినా పిల్లల వెనక చాప చివర కూర్చుని చూసేదాన్ని. ముకేశ్ ఖన్నా. అంతకు ముందు బి.ఆర్. చోప్రా మహాభారతంలో భీష్ముడు ఆయనే. ప్రతిజ్ఞకి కట్టుబడిన భీష్ముడు ఎరుపు దుస్తుల్లో గిరగిరా తిరుగుతూ ఎగరడం చూసి బాబాయి, "ముసలాయనకి ఉత్తరాయణం వచ్చిందే" అన్నాడు. శక్తిమాన్ బలం యోగంతో వచ్చింది. మామూలప్పుడు పళ్లెత్తుగా, కళ్లజోడుతో తిరిగే గంగాధర్, పత్రికా ఫోటోగ్రాఫరు. బొమ్మ నాణ్యత ఎలా ఉన్నా, భాగం చివర పిల్లలకి నీతి చెప్పడానికి వచ్చే వీరుణ్ణి మా వీధి పిల్లలు నిజంగా నమ్మారు. నమ్మినవాళ్లకి హద్దులు నేర్పే బాధ్యత వీరుడి మీద పడుతుంది. ఆయన అది మరిచిపోలేదు.

జపాన్ గురించి చెప్పి ముగిస్తాను. 1966లో అక్కడ ఐజీ సుబురాయా అల్ట్రామ్యాన్ తీశాడు. మేడలంత ఎత్తు వీరుడు, కానీ భూమ్మీద అతని శక్తి సుమారు మూడు నిమిషాలే. గుండె మీద దీపం మిణుకుమనడం మొదలైతే టైము అయిపోవస్తున్నట్టే. మరుసటేడు, 1967లో, మిత్సుతెరు యొకొయామా కథతో జెయింట్ రోబో వచ్చింది. మొత్తం 26 భాగాలు. అమెరికాలో ఇంగ్లీషు మాటలు పెట్టిన జానీ సొకో రూపంలో అది దూరదర్శన్‌కి చేరింది. మనందరికీ అది జెయింట్ రోబో కాదు, జెయింట్ రోబోట్.

ఆ ఉక్కు రాక్షసుడికి ఒకటే హద్దు. ఒక్క కుర్రాడి గొంతుకే లొంగుతాడు. ఆ పిల్లాడు చేతి గడియారంలోకి మాట్లాడితే లేస్తాడు, కొట్టమంటే కొడతాడు, ఆగమంటే ఆగుతాడు. ఇంకెవరు చెప్పినా వినడు. తనంతట తాను వేలు కూడా కదపడు.

చివరి భాగం రోజు ఉదయం నుంచీ మబ్బు. బొమ్మ నిలవడం లేదు. డాబా ఎక్కాను. గొట్టం నేను పట్టుకుంటే బొమ్మ వస్తోంది, వదిలితే పోతోంది. కింది నుంచి బాబాయి కేక, "అమ్మడూ, అలాగే పట్టుకో, కదలకు!" మా తమ్ముడు, పక్కింటి పిల్లలు, అందరూ కింద ఉన్నారు. నేను పైన. కిటికీలోంచి శబ్దం ఒక్కటే వస్తోంది.

శత్రువుల చక్రవర్తి ఒళ్లంతా అణుశక్తి. వాణ్ణి కొడితే భూమి బద్దలవుతుంది. కుర్రాడి దగ్గర ఇవ్వడానికి ఆజ్ఞ లేదు. అప్పుడు ఆ రోబోట్ ఎవరూ చెప్పకుండా కదిలింది. చక్రవర్తిని పట్టుకుని పైకి ఎగిరింది. వెనక్కి రమ్మని కుర్రాడు గడియారంలోకి ఏడుస్తూ అరిచాడు. మొదటిసారి అది అతని మాట వినలేదు. ఉల్కకి గుద్దుకుని శత్రువుతో సహా పేలిపోయింది. ఇదంతా నాకు తరవాత తెలిసిన కథ. ఆ రోజు నాకు వినపడింది ఒక పిల్లాడి ఏడుపు, ఒక మోత, తరవాత బాబాయి వ్యాఖ్యానం ఆగిపోవడం.

కొంతసేపటికి నేనే అడిగాను, "వచ్చిందా బాబాయ్?" అని.

"వచ్చిందే" అన్నాడు, గొంతు సవరించుకుని. "అయిపోయింది. ఇక దిగు."

నేను వెంటనే దిగలేదు. ఇనప గొట్టం పట్టుకుని కాసేపు పైకే చూస్తూ ఉండిపోయాను. మబ్బులు తప్ప ఏమీ లేవు.